ఏ వీరుడి పని ఇంకా మిగిలి ఉంది? పాత సైన్స్ ఫిక్షన్ కథానాయకుల రీబూట్ గురించి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. ఫ్లాష్ గోర్డన్, బక్ రోజర్స్, జాన్ కార్టర్, కెప్టెన్ నెమో వంటి పాత సైన్స్ ఫిక్షన్ వీరులను నేటి ప్రేక్షకుల కోసం మళ్లీ మొదటి నుంచి సినిమాగా తీయడంలో, అంటే రీబూట్ చేయడంలో, అర్థముందా, లేక కొత్త వీరులను సృష్టించుకోవడమే మేలా అని అడిగారు. గుంటూరులో మీరూ మీ మిత్రులూ కలిసి రాసుకుంటున్న స్క్రిప్టుకు వీరిలో ఒకరిని తీసుకోవచ్చా అని కూడా అడిగారు. కొందరిని తప్పకుండా తీయాలి, చాలామందిని తీయనక్కరలేదు అన్నది నా సమాధానం. ఎవరిని తీయాలన్నది వారి పేరు ప్రఖ్యాతులను చూసి తేల్చవలసిన విషయం కాదు. ఆ వీరుడు పుట్టినప్పుడు ఏ భయానికి, ఏ కోరికకు, ఏ కోపానికి రూపమయ్యాడో, అది ఇప్పటికీ తీరకుండా మిగిలి ఉందా అని చూడాలి. మిగిలి ఉంటే ఆ వీరుడికి నేటి తెర మీద పని ఉంది. లేకపోతే అతణ్ని పుస్తకంలోనే గౌరవంగా చదువుకోవచ్చు.

నేను విజయవాడ గాంధీనగర్‌లోని ఒక పంపిణీ కార్యాలయంలో చాలాకాలం పనిచేసి, ఇంగ్లీషు చిత్రాలను, వాటి తెలుగు డబ్బింగులను కృష్ణా, గుంటూరు జిల్లాల థియేటర్లకు బుక్ చేసినవాణ్ని. మా వ్యాపారంలో కృష్ణా ఒక ఏరియా, గుంటూరు మరొక ఏరియా; ఒకే చిత్రాన్ని రెండు చోట్లా వేర్వేరు కొనుగోలుదారులు తీసుకునేవారు. అయినా ఒక విషయంలో బెజవాడ ప్రేక్షకుడికీ, తెనాలి ప్రేక్షకుడికీ, నరసరావుపేట ప్రేక్షకుడికీ నేను తేడా చూడలేదు. తెర మీది వీరుడు ఎన్నేళ్ల కిందటివాడో, మొదట ఏ పత్రికలో అచ్చయ్యాడో వారికి పట్టదు. ఆ మనిషి దేనికోసం ప్రాణం పణంగా పెడుతున్నాడో మొదటి అరగంటలో అర్థమైతే కూర్చుంటారు, కాకపోతే ఇంటర్వెల్ తరువాత కుర్చీలు ఖాళీ అవుతాయి. నిర్మాణ సంస్థల లెక్క వేరుగా ఉంటుంది. పేరు అందరికీ తెలిసిందే కాబట్టి సగం ప్రచారం ముందే అయిపోయిందని అవి నమ్ముతాయి. తాతలకు తెలిసిన పేరు మనవలకూ తెలిసే ఉంటుందన్న ఆ నమ్మకం ఎన్నో రీబూట్లను ముంచింది.

దీనికి జాన్ కార్టర్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. ఎడ్గార్ రైస్ బరోస్ ఈ పాత్రను 1912లో ఒక పత్రికలో ధారావాహికగా ప్రవేశపెట్టారు. 1917లో అది పుస్తకంగా వచ్చింది. వర్జీనియాకు చెందిన ఒక సైనికాధికారి అంగారకుడి మీదికి చేరుకుంటాడు. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఆకాశమంత ఎత్తుకు ఎగరగలుగుతాడు, నాలుగు చేతుల యోధులతో పోరాడతాడు, ఒక రాకుమారిని ప్రేమిస్తాడు. సరిగ్గా వందేళ్లకు, 2012 మార్చిలో, డిస్నీ సంస్థ దీనిని సుమారు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో చిత్రంగా విడుదల చేసింది. ప్రపంచమంతటా కలిపి దాదాపు 28 కోట్ల డాలర్లు వసూలైనా, థియేటర్ల వాటా, ప్రచార వ్యయం తీసివేశాక 20 కోట్ల డాలర్ల వరకు నష్టం వస్తుందని ఆ సంస్థే ప్రకటించింది. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ అంతకుముందు రెండు అద్భుతమైన యానిమేషన్ చిత్రాలు తీసినవారు, బరోస్ కథలంటే ప్రాణమున్నవారు. ఆ చిత్రంలో శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. మరి ఎందుకు పోయింది?

టైటిల్ లోంచి అంగారకుడి పేరు తీసివేయడం వల్ల పోయిందని, ప్రచారం సరిగా లేక పోయిందని అప్పట్లో చాలామంది రాశారు. నా అభిప్రాయం వేరు. జాన్ కార్టర్ దగ్గరున్న సొత్తు అంతా అప్పటికే వారసులు పంచుకుని తీసుకుపోయారు. తక్కువ గురుత్వాకర్షణ గల చోట పరాయి గ్రహం మనిషి బలవంతుడవుతాడన్న ఊహను 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ తీసుకున్నాడు. ఎడారి గ్రహం, ఖడ్గయుద్ధం, రాకుమారి, విచిత్ర జీవుల సైన్యం 1977లో స్టార్ వార్స్‌లోకి వెళ్లాయి. సైనికుడొకడు మరో లోకానికి వెళ్లి అక్కడి ప్రజల పక్షాన నిలబడటం 2009లో అవతార్‌లో కోట్లమంది చూశారు. ఈ మూడింటినీ చూసి వచ్చిన ప్రేక్షకుడికి 2012లో అసలు యజమాని ఎదురైతే, ఆయనే అనుకరిస్తున్నట్టు కనిపించాడు. ఇది అన్యాయమే. కానీ టికెట్టు కొనుక్కున్నవాడు సాహిత్య చరిత్రకు న్యాయం చేయడానికి థియేటర్‌కు రాడు.

అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. 1877లో ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతలు చూశానన్నప్పటి నుంచి, అమెరికాలో పెర్సివల్ లోవెల్ వాటిని కాలువలుగా భావించి పుస్తకాలు రాసినప్పటి నుంచి, అక్కడ ఒక ముసలి నాగరికత నీటికోసం అలమటిస్తోందన్న ఊహ చదువుకున్నవారిలో కూడా బలంగా ఉండేది. 1912 నాటి పాఠకుడు బరోస్‌ను చదువుతున్నప్పుడు ‘ఏమో, నిజంగానే ఉండవచ్చు’ అన్న పులకింత పొందాడు. ఆ పులకింత 1965 జూలైలో మారినర్ 4 అంతరిక్ష నౌక పంపిన ఫొటోలతో ముగిసింది. వాటిలో కాలువలు లేవు, నగరాలు లేవు, గుంతలు పడిన ఎడారి మాత్రమే ఉంది. ఇక మన సంగతి చూడండి. మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచి 2013 నవంబరులో బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరులో అంగారకుడి కక్ష్యలోకి చేరింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే బడిపిల్లలు కళ్లార్పకుండా చూశారు. ఆ పిల్లల ముందు గాలి పీల్చుకోదగిన అంగారకుణ్ని పెడితే వారు దానిని అద్భుత కథగా ఆనందిస్తారు కానీ, సైన్స్ ఫిక్షన్ ఇవ్వవలసిన ఆ ప్రత్యేకమైన నమ్మకం వారిలో కలగదు. వీరుడు నిలబడిన నేలే పోయాక వీరుణ్ని మాత్రం ఎలా నిలబెట్టగలం?

బక్ రోజర్స్, ఫ్లాష్ గోర్డన్‌ల విషయంలో నాకు మరో అభ్యంతరం ఉంది. దీనిని మొహమాటం లేకుండా చెప్పాలి. 1928లో ఫిలిప్ ఫ్రాన్సిస్ నౌలాన్ కథలో పుట్టిన బక్ రోజర్స్ 25వ శతాబ్దంలో మేలుకొని, అమెరికాను ఆక్రమించిన ఆసియా జాతితో పోరాడతాడు. 1934 జనవరిలో అలెక్స్ రేమండ్ బొమ్మలతో మొదలైన ఫ్లాష్ గోర్డన్‌కు శత్రువు మింగ్ అనే చక్రవర్తి. అతని పేరు, మీసం, వేషం అన్నీ తూర్పుదేశాల మనిషిని క్రూరుడిగా చూపించడానికి కూర్చినవే. ఆ రోజుల్లో అమెరికాలో ఆసియా వలసదారుల మీద ఉన్న భయమే వీటికి ఇంధనం. మనలో కొందరు ఇంద్రజాల్ కామిక్స్ ఇంగ్లీషు సంచికలలో ఫ్లాష్ గోర్డన్‌ను ఇష్టంగా చదువుకున్నారు, నేనూ చదివాను. రేమండ్ గీత అందం గురించి ఇప్పటికీ గంటసేపు మాట్లాడగలను. అయితే ఆ కథలో మనవంటి ముఖమున్నవాడు ఎప్పుడూ సింహాసనం మీద కూర్చుని గోళ్లు చూసుకునే దుర్మార్గుడే. నేటి రీబూట్ ఆ శత్రువును అలాగే ఉంచజాలదు, తీసేస్తే కథకు ఊపిరి ఉండదు. 1980లో వచ్చిన రంగురంగుల చిత్రం దీనిని వేషధారణ వేడుకగా మార్చి దాటవేసింది. క్వీన్ అనే రాక్ బృందం సంగీతం వల్ల అది కొందరికి ప్రియమైనదైంది. స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్ మొదట ఫ్లాష్ గోర్డన్‌నే తీయాలనుకుని, హక్కులు దొరకక తన సొంత కథను రాసుకున్న సంగతి ప్రసిద్ధమే. మీ రెండో ప్రశ్నకు, అంటే కొత్త వీరులను సృష్టించుకోవడం మేలా అన్నదానికి, అంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు. ఆ హక్కులు ఆయనకు దొరికి ఉంటే ప్రపంచానికి ఒక మంచి రీమేక్ మిగిలేది, ఒక కొత్త పురాణం పోయేది.

ఇక రీబూట్లు నిలబడిన చోట ఏం జరిగిందో చూద్దాం. 1966 నాటి టీవీ ధారావాహిక స్టార్ ట్రెక్‌ను 2009లో సినిమాగా పునఃప్రారంభించినప్పుడు, కాలం చీలి మరో దారిలో నడిచిందన్న ఉపాయంతో పాత కథను చెరిపివేయకుండానే కొత్త కథ మొదలుపెట్టారు. పాత ధారావాహికలో స్పాక్ పాత్ర వేసిన లెనార్డ్ నిమోయ్ స్వయంగా తెర మీదికి వచ్చి కొత్తవారిని దీవించినట్టయింది. బ్రిటన్‌లో 1963లో మొదలైన డాక్టర్ హూ అనే టీవీ ధారావాహిక ఇంకా తెలివైన దారి పట్టింది. 1966లో నటుడు మారవలసి వచ్చినప్పుడు, కథానాయకుడు మరణం అంచున కొత్త దేహం ధరిస్తాడన్న నియమాన్ని కథలోనే పెట్టుకుంది. అవతారాలకు అలవాటు పడిన మనకు ఈ ఏర్పాటు వింతగా అనిపించదు. ఇవి రెండూ నేర్పుగల పనులే అయినా, వాటిని ఉపాయాలుగానే చూస్తాను. నా మనసును కదిలించినవి మరో రెండు.

మొదటిది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్, మనుషుల మీద వానరాలు రాజ్యం చేసే లోకం కథ. పియర్ బూల్ ఫ్రెంచి నవల 1963లోను, చార్ల్‌టన్ హెస్టన్ వ్యోమగామిగా నటించిన చిత్రం 1968లోను వచ్చాయి. 2001లో దానిని మళ్లీ తీసినప్పుడు మేకప్ మెరుగైంది కానీ కథ ఎవరినీ పట్టుకోలేదు. 2011లో వచ్చిన చిత్రం ఒకే ఒక్క నిర్ణయంతో అంతా మార్చింది. వ్యోమగామిని పక్కన పెట్టి, ప్రయోగశాలలో పుట్టిన సీజర్ అనే చింపాంజీని కథానాయకుణ్ని చేసింది. అదే లోకాన్ని, అదే భవిష్యత్తును పంజరం లోపలి నుంచి చూపించింది. 1968లో భయపెట్టినది అణుయుద్ధం. 2011 నాటికి ప్రేక్షకుడి మనసులో ఉన్నవి ప్రయోగశాలల్లో మందుల తయారీ, మూగజీవుల మీద పరీక్షలు. కథ ఎవరి కళ్లతో నడుస్తుందో మార్చగానే పాత కథకు కొత్త ప్రశ్న దొరికింది. ఈ మాటను గుర్తుంచుకోమని కోరుతున్నాను, ఎందుకంటే మీ స్క్రిప్టు గురించి చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

రెండోది గాడ్జిలా. గాడ్జిలా వీరుడేమీ కాదని మీరు అనవచ్చు. కానీ రీబూట్ అనే పని ఎలా చేయాలో దానికన్నా బాగా నేర్పేది లేదు. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు, ఒక జపాన్ చేపల పడవ మీద అణుధూళి పడింది. అదే ఏడాది నవంబరులో ఇషిరో హోండా తీసిన గాడ్జిలా విడుదలైంది. హిరోషిమా జరిగి తొమ్మిదేళ్లే అయిన ప్రేక్షకులు ఆ మృగంలో ఏం చూశారో వేరే చెప్పనక్కరలేదు. 1998లో హాలీవుడ్ దానిని పెద్ద బల్లిగా మాత్రమే తీసుకుంది. ఆకారం వచ్చింది, ఆర్తి రాలేదు. 2016లో జపాన్ వారే మళ్లీ తీసినప్పుడు ఫుకుషిమా అణు ప్రమాదం తరువాతి ప్రభుత్వ అయోమయాన్ని కథలోకి తెచ్చారు. 2023లో తకాషి యమజాకి కథను తిరిగి యుద్ధానంతర జపాన్‌కు తీసుకుపోయి, బతికి వచ్చినందుకే సిగ్గుపడుతున్న ఒక పైలట్‌ను కేంద్రంగా నిలిపారు. ఒకటిన్నర కోటి డాలర్లకు లోపే ఖర్చుతో, ముప్పై అయిదు మంది గ్రాఫిక్స్ నిపుణులతో చేసిన ఆ చిత్రం విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలుచుకుంది. జాన్ కార్టర్ ఖర్చులో ఇది పదహారో వంతు కూడా కాదు. మన దగ్గర డబ్బు లేదు కాబట్టి సైన్స్ ఫిక్షన్ తీయలేమని చెప్పేవారికి నేను ఈ లెక్క చెబుతుంటాను.

తెలుగు వారికి రీబూట్ అనే పని కొత్తది కాదు, పేరు మాత్రమే కొత్తది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. జనం కథల్లో, నాటకాల్లో పెరిగి 1936లో పి.వి. దాసు చిత్రంగా వచ్చి, 1957లో కె.వి. రెడ్డి చేతుల్లో మాయాబజార్ అయింది. ఆ చిత్రంలో ప్రియదర్శిని పెట్టె తెరవగానే శశిరేఖకు దూరంగా ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు. ఈ కాలం పిల్లలు దానిని చూసి వీడియో కాల్ అంటారు. పురాణ పాత్రలను ఇంటి మనుషుల్లా మాట్లాడించడమే అక్కడ జరిగిన అసలు పునఃసృష్టి. బలరాముడి ఇంట్లో డబ్బు, హోదా చూసి పెళ్లి సంబంధం మార్చుకునే తల్లిదండ్రులను ఆనాటి ప్రతి ఊరూ గుర్తుపట్టింది.

ఇటీవలి ఉదాహరణ కల్కి 2898 ఏడీ. 2024 జూన్‌లో వచ్చిన ఆ చిత్రంలో భవిష్యత్ వాహనాలు, ఆయుధాలు, కాశీ నగరం ఎలా ఉన్నా, నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది అశ్వత్థామ పాత్ర. భారతంలో అతడు ఉత్తర గర్భం మీదికి అస్త్రం విడిచి, కృష్ణుడి శాపానికి గురై, చావులేని దుఃఖంతో తిరుగుతాడు. చిత్రంలో అతడి విముక్తి మరో తల్లి గర్భాన్ని కాపాడటంతో ముడిపడింది. చేసిన పాపానికి సరిగ్గా సరిపోయే రుణం తీర్చుకునే అవకాశాన్ని దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ పాత్రకు ఇచ్చారు. మూలంలో తెరిచి ఉన్న గాయాన్ని వెతికి, దానినే కొత్త కథకు పునాది చేయడం అంటే ఇదే. కొన్ని భాగాలు అతుకులుగా ఉన్నాయని, మొదటి సగం సాగిందని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఈ ఒక్క ఆలోచన కోసం ఆ చిత్రాన్ని మీరు శ్రద్ధగా మళ్లీ చూడాలి.

ఆదిత్య 369ని రీబూట్ చేయవచ్చా అని కూడా మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. వద్దంటాను. 1991లో సింగీతం శ్రీనివాసరావు, హెచ్.జి. వెల్స్ 1895 నాటి కాలయంత్రం ఊహను తీసుకుని, దానిని రాయల కాలానికీ 2504వ సంవత్సరానికీ నడిపించారు. ఆ చిత్రాన్ని 2025 ఏప్రిల్‌లో 4కే ముద్రణతో మళ్లీ విడుదల చేశారు. చెడిపోని చిత్రాన్ని మళ్లీ చూపించడమే దానికి చేయదగిన మర్యాద. రీరిలీజ్ సరిపోయే చోట రీబూట్ అవసరం లేదు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకున్న మనిషి దగ్గరికి వస్తాను. మీరు చెప్పిన నలుగురిలో కెప్టెన్ నెమో ఒక్కడే, నా లెక్కలో, తన పని పూర్తి చేయకుండా తెర దిగిపోయినవాడు. అతడు మనవాడు కూడా.

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1870లో పూర్తి చేసిన సముద్రగర్భ నవల ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’లో నెమో దేశం పేరు చెప్పరు. వెర్న్ మొదట అతణ్ని రష్యా జార్ మీద పగబట్టిన పోలండ్ వాడిగా అనుకున్నారు. రష్యాలో పుస్తకం అమ్మకాలు దెబ్బతింటాయని ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. తరువాత 1875లో ముగిసిన ‘మిస్టీరియస్ ఐలాండ్’ నవలలో నిజం బయటపడుతుంది. నెమో అసలు పేరు దక్కార్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిపూ సుల్తాన్ బంధువర్గానికి చెందినవాడు. 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, విజ్ఞానాన్నే ఆయుధం చేసుకుని సముద్రంలోకి వెళ్లిపోయాడు. మొదటి నవలలో కూడా దీనికి సూచన ఉంది. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుణ్ని సొరచేప నుంచి కాపాడి, ముత్యాల సంచి చేతిలో పెట్టి, అతడు అణగదొక్కబడిన దేశపు మనిషి, నేను చివరి శ్వాస వరకు ఆ దేశం వాణ్నే అని నెమో అంటాడు. నేను ఆ పేజీని ఎప్పుడు చదివినా ఆగిపోతాను. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత, లోకంలోకెల్లా గొప్ప యంత్రాన్ని, నాటిలస్ అనే జలాంతర్గామిని, కనిపెట్టినవాడిగా ఒక భారతీయుణ్ని ఊహించాడు. ఆ సంగతి మన బడుల్లో ఎంతమందికి చెబుతున్నాం?

తెర మాత్రం ఆ మాటను చాలాకాలం దాచిపెట్టింది. 1954 నాటి డిస్నీ చిత్రంలో జేమ్స్ మేసన్ గొప్పగా నటించారు, కానీ అక్కడ నెమో దేశం చెరిగిపోయింది. 2003లో వచ్చిన ఒక ఇంగ్లీషు చిత్రంలో నసీరుద్దీన్ షా నెమోగా కనిపించినా, ఎందరో వీరుల గుంపులో ఒకడిగా మిగిలిపోయారు. ‘నాటిలస్’ అనే పది భాగాల ధారావాహికలో అతణ్ని భారతీయ రాకుమారుడిగానే చూపించారు. తీయించిన డిస్నీ దానిని వదులుకోగా, 2024 చివర్లో బ్రిటన్‌లో ప్రైమ్ వీడియోలోను, 2025లో అమెరికాలో ఏఎంసీలోను అది వచ్చింది. ఒక భారతీయ భాషలో, భారతీయుల కోపాన్ని లోపలి నుంచి తెలిసినవారి చేతుల్లో, నెమో కథ రావలసే ఉంది. యంత్రాన్ని చేతబట్టిన బాధితుడు న్యాయం చేస్తాడా, తానూ హంతకుడవుతాడా అన్న ప్రశ్నను వెర్న్ తేల్చకుండా వదిలారు. ఓడను ముంచి, అందులోని నావికులు మునిగిపోవడం చూసి, తన గదిలో భార్యాబిడ్డల చిత్రం ముందు మోకరిల్లి ఏడ్చే నెమో ఇప్పటి ప్రపంచానికి పాతబడినవాడు కాడు.

మీ స్క్రిప్టుకు నా సూచన ఇది. నెమోను కథానాయకుణ్ని చేయకండి. సీజర్ విషయంలో చెప్పినట్టు, చూపును మార్చండి. నాటిలస్ సిబ్బందికి వెర్న్ పేర్లు పెట్టలేదు. వారు తమలో తాము ఎవరికీ తెలియని భాష మాట్లాడుకుంటారు, ఎవరు ఎక్కడివారో చెప్పరు. ఆ ఖాళీ మీకోసం ఉన్నట్టే అనుకోండి. వారిలో ఒకడు గుంటూరు సీమ మనిషి అనుకోండి. 1832-33లో ఈ సీమను తుడిచిపెట్టిన నందన కరువులో, జనం డొక్కల కరువు అని పిలుచుకున్న ఆ కరువులో, అయిదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా చనిపోయారు. కుంపిణీ ప్రభుత్వం శిస్తు వసూళ్ల మీద చూపిన శ్రద్ధ అన్నం మీద చూపలేదు. ఆ కరువులో అనాథ అయిన ఏడేళ్ల పిల్లవాడు నడిచి బందరు రేవుకు చేరి, ఓడల మీద కూలివాడిగా పెరిగి ఉంటే, 1857 నాటికి అతడికి ముప్పై రెండేళ్లు ఉంటాయి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. అందులో తన రెండో కుటుంబాన్నీ పోగొట్టుకున్నవాడు నాటిలస్ ఎక్కితే, 1866లో వెర్న్ కథ మొదలయ్యే సమయానికి ఓడలో ఉంటాడు. (రెండు నవలల మధ్య సంవత్సరాల లెక్క వెర్న్ చేతిలోనే పొంతన కుదరలేదు, మీరు మొదటి నవల కాలాన్నే పట్టుకోండి.) రాజ్యం పోగొట్టుకున్న రాకుమారుడికీ, ఏ రాజ్యంలోనూ అన్నం దొరకని రైతుబిడ్డకూ మధ్య, సముద్రం అడుగున, ఒకే శత్రువు గురించి వచ్చే వాదన మీ చిత్రానికి గుండె అవుతుంది. నెమో పగ తన వంశం కోసం. ఇతడి పగ ఎవరికోసం? ఓడ ముంచమని ఆజ్ఞ వచ్చినప్పుడు, ఆ ఓడ అడుగు గదిలో బొగ్గు వేస్తున్నది కూడా తనవంటి బందరు కూలీలేనని ఇతడికి తెలిస్తే ఏం చేస్తాడు? ఈ రెండు ప్రశ్నలూ వెర్న్ అడగలేదు. రీబూట్ అంటే మూలం అడగని ప్రశ్నను మూలం లోంచే అడగడం అని నేను నమ్ముతాను.

ఖర్చు గురించి భయపడనక్కరలేదు. 2017లో తెలుగులో వచ్చిన ఘాజీ చిత్రం ఎక్కువ భాగం జలాంతర్గామి లోపలే జరిగినా మన ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూశారు, జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఇరుకు గది, లోహపు శబ్దం, బయట చీకటి నీరు ఉంటే చాలు. ఉత్కంఠ దానంతట అదే పుడుతుంది. రాసే ముందు మీ బృందమంతా విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి రండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ నౌక పొడవు తొంభై మీటర్లకు కొంచెం ఎక్కువ. వెర్న్ ఊహించిన నాటిలస్ డెబ్బై మీటర్లు. లోపల తల వంచి నడుస్తూ, ఒక తలుపు రంధ్రం నుంచి మరొకదానిలోకి దూరుతూ వెళ్లాక, మీ పాత్రలు ఒకరి పక్కన ఒకరు ఎలా నిలబడతాయో, రహస్యం చెప్పుకోవడానికి వాటికి ఎక్కడ చోటు దొరుకుతుందో మీకు తెలుస్తుంది.

హక్కుల సంగతి కూడా అడిగారు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తరువాతి సంవత్సరం మొదలు అరవై ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. వెర్న్ 1905లో, వెల్స్ 1946లో, బరోస్ 1950లో మరణించారు కాబట్టి వారి మూలకథలను మీరు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అయితే కొన్ని పాత్రల పేర్లు వ్యాపార చిహ్నాలుగా నమోదై ఉంటాయి. ఫ్లాష్ గోర్డన్ కింగ్ ఫీచర్స్ వారి సొత్తు. నెమో విషయంలో మీరు జాగ్రత్తపడవలసినవి రెండు. తరువాత వచ్చిన చిత్రాలు కొత్తగా కల్పించిన సంఘటనలు, నాటిలస్‌కు వారు ఇచ్చిన ఆకృతి వారివి, వాటిని ముట్టుకోకూడదు. అలాగే హక్కుల గడువు తీరని అనువాదం అనువాదకుడి సొత్తు. కాబట్టి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే ఏ కుదింపు ప్రతినో నమ్ముకుని సంభాషణలు రాయకండి. కుదింపులలో చాలావరకు సింహళం ముత్యాల ఘట్టాన్నీ, దక్కార్ గతాన్నీ కత్తిరించి పారేశారు. పూర్తి ప్రతులు రెండూ సంపాదించి, మొదటి నవలలో ముత్యాల వేట అధ్యాయాన్నీ, రెండో నవలలో నెమో తన కథ చెప్పుకునే చివరి అధ్యాయాలనూ మీ బృందంలో అందరూ చదివిన తరువాతే మొదటి సీను రాయడం మొదలుపెట్టండి.